సత్రం గోడ మీది ఆడమనిషి

హోసూరులో ఒక శెట్టిగారి సత్రం ఉండేది. అక్కడి భోజనాల సాలలో లోపలి గోడ మీద పాతకాలపు బొమ్మ ఒకటి. ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో చెప్పగలిగినవాళ్ళు లేరు. కరువు ఏడాది పాళెగారు జనానికి రాగులు దానం చేస్తున్న వేడుక అది. గొడుగు కింద పాళెగారు, పక్కన చెంబుతో నీళ్ళు ధార పోస్తున్న పురోహితుడు, మేళగాళ్ళు, రాగుల కుప్ప, కుప్ప దగ్గర కొలిచేవాడు, వాడి ముందు వరసగా జనం. గోడ చెమ్మ పట్టి సున్నం పెచ్చులుగా రాలుతోంది. దాన్ని పడగొట్టేలోపు బొమ్మను ఉన్నదున్నట్టు గుడ్డ మీదికి దించి ఇమ్మని శెట్టిగారు మా నాయనకు కబురు పెట్టారు.

మా ఇల్లు కృష్ణగిరిలో. నాయన తేర్లకూ వాహనాలకూ రంగులు వేసేవాడు. అప్పటికే ఆయన కళ్ళకు పొర వచ్చి సన్నగీత కనపడేది కాదు. రంగులు కలపడం ఆయన పని, గీత నా పని. పెళ్ళయిన ఏడాదికే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసినదాన్ని. ఇలాంటి ఆడపిల్ల నిచ్చెన ఎక్కి బొమ్మలు వేయడమేమిటని వీధిలో అనేవాళ్ళు అంటూనే ఉన్నారు, నేను ఎక్కుతూనే ఉన్నాను.

నూనె కాగితం గోడకు ఆనించి ముందు గీతలు ఎత్తుకున్నాను. వరసలో ముందు నిలబడ్డ ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. చంకలో బిడ్డ, కొలిచేవాడి ముందు పరిచిన కొంగు. తల మాత్రం నిటారుగా ఉంది. ఆమె చూసేది కుప్పను కాదు, పాళెగారి మొహాన్ని.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో ఊళ్ళో గంజి పోసేవాళ్ళు. అమ్మ కొంగు పట్టుకుని నేనూ వరసలో నిలబడేదాన్ని. ఒకరోజు గరిటె పట్టుకున్నవాడు, దొరసాని మాదిరి చూస్తావేం, తల దించమన్నాడు. అమ్మ చెంబు ముందుకు జరిపి, "చెంబు చూసి పొయ్యప్పా. నా మొగంతో నీకేం పని?" అంది. వాడు పైన తేరిన నీళ్ళు మాత్రమే పోశాడు. అమ్మ ఆ నీళ్ళు నాకు తాగించింది. మరునాడు కూడా అలాగే నిలబడింది.

అందుకని గోడ మీది మనిషికి నా సొంతంగా ఏదో చేర్చానని కాదు. ఉన్న మెడను ఉన్నట్టే ఎత్తుకున్నాను. పెచ్చు లేచిపోయిన చోట్ల మాత్రం పక్కనున్న గీతను చూసి కలిపాను. రంగులకు జేగురు, దీపపు మసి, నీలిమందు, అవి పట్టి ఉండడానికి తుమ్మబంక. సత్రం వెనక చావడిలోనే వండుకుని, అక్కడే పడుకుని పని ముగించాం.

శెట్టిగారు వచ్చి చూశారు. చెడ్డమనిషి కాదు. ఆయన సత్రంలో ఆకలితో వచ్చినవాణ్ణి వెనక్కి పంపిన రోజు లేదు. గొడుగు బాగుందన్నారు, మేళగాళ్ళను చూసి నవ్వారు. ఆడమనిషి దగ్గర ఆగిపోయారు. భోజనాల సాలలో తగిలించే బొమ్మ ఇది, తినేవాళ్ళు దీన్ని చూసి వినయం నేర్చుకోవాలి, అందరి తలలూ కొంచెం వంచమని నాయనతో చెప్పారు.

నాయన, సాయంత్రానికి వంచేస్తామన్నాడు.

"వంచేది లేదు నాయనా," అన్నాను.

శెట్టిగారు నావైపు తిరిగారు. "ఏమ్మా, దానం తీసుకునేవాళ్ళు అట్లనా నిలబడేది?"

"గోడ మీద అట్లనే నిలబడి ఉండాదప్పా. ఉన్నదున్నట్టు దించమన్నారు, దించినాను. ఆ యమ్మ వచ్చింది రాగులకి. తల వంచేదానికి రాలేదు."

ఆయన మొహం ఎర్రబడింది. నాతో మాట్లాడడం మానేసి, మీ ఇంట్లో యజమాని ఎవరని నాయనను అడిగారు. నాయన చాలాసేపు రంగు గిన్నెలు తుడుస్తూ కూర్చున్నాడు. నేను గుడ్డ ముందు నుంచి కదలలేదు. చివరికి నాయన, "గీత మా పాపది అప్పా. దాన్నే అడగండి," అన్నాడు.

ఇంక అడిగేదేమీ లేదని, ఆ బొమ్మ తనకు వద్దని శెట్టిగారు వెళ్ళిపోయారు. మేము గుడ్డను చాపలో చుట్టి బస్సు టాపు మీద వేసుకుని కృష్ణగిరి వచ్చేశాం.

ఇంట్లో అమ్మ చాప విప్పి బొమ్మ పరిచింది. పాళెగారిని దాటి, మేళాన్ని దాటి, ఆమె దగ్గర కూర్చుంది. "ఈ యమ్మకి ఎంత కొలిచినారో," అంది.

"ఇంకా కొలవలేదు," అన్నాడు నాయన. బస్సు ఎక్కినప్పటి నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

తర్వాత కొన్నాళ్ళు కష్టంగానే గడిచింది. శెట్టిగారి మాట వినేవాళ్ళెవరూ మాకు పని చెప్పలేదు. అమ్మా నేనూ మండీలో చింతపండు కొట్టడానికి పోయాం. ఆ సాయంత్రాల్లో, మెడ కొంచెం వంచివుంటే పోయేదేముందని నాయన గొణిగేవాడు. నేను మాత్రం బొమ్మను వీధిలోకి కనపడేలా నడవలో తగిలించాను. సంతకు వచ్చిపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. సత్రం వాళ్ళు బెంగళూరు నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నారని, అతను వేసిన బొమ్మలో అందరూ నేల చూస్తున్నారని విన్నాను. చూడాలనిపించలేదు.

ఒకసారి డెంకణికోట వైపు నుంచి వచ్చిన పెద్ద అయ్యవారు ఒకాయన మా నడవలో నిలబడిపోయారు. వాళ్ళ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలుపెట్టారట. అన్నం తినేచోట తగిలించడానికి ఇలాంటిదే ఒకటి వేసిమ్మన్నారు. వెళ్ళబోతూ, ఆ అమ్మ కొంచెం నవ్వుతున్నట్టు వేయొచ్చా అని అడిగారు.

"ఆకలితో ఉండాదప్పా. యాల నవ్వుతుంది?"

అయితే ఉన్నట్టే వెయ్యమ్మా అన్నారాయన.

ఆ తర్వాత ఆ బొమ్మను ఎందరికో వేశాను. ఎవరు అడగడానికి వచ్చినా ముందే చెప్పేస్తాను. గొడుగు రంగు మార్చమంటే మారుస్తాను, మేళగాళ్ళను తగ్గించమంటే తగ్గిస్తాను, పాళెగారికి మీసాలు పెంచమంటే పెంచుతాను. ఆ మెడ జోలికి మాత్రం ఎవరూ రావద్దు. నచ్చకపోతే వాళ్ళు వచ్చిన బస్సు మళ్ళీ గంటలో ఉంటుంది.