నీరసపు సెల్లుల ఆర్గన్

వికారాబాద్ స్టేషన్ దగ్గరి రేడియో రిపేరు దుకాణంలో ఒక మంచి మనిషి మా టేప్ రికార్డరుకు కొత్త సెల్లులు వేశాడు. దాంతో మా బావ ఆర్గన్ పోయింది. ఆ మంచి మనిషి దుకాణం యజమాని, అందరూ భాయ్ అనేవారు. క్యాసెట్ మొదలై కాసేపయిందో లేదో, "సెల్లులు కమ్జోర్ అయినయ్ తమ్మీ, పాట గుంజుతుంది. ఫికర్ చెయ్యకు, మన దుకాణంలవే వేస్త" అంటూ మేము నోరు తెరిచేలోగా పాతవి తీసి చెత్తడబ్బాలో పడేశాడు. ఎదురుగా కుర్చీలో, మా క్యాసెట్ వినడానికి అక్కడికే రమ్మన్న ఆర్కెస్ట్రా మాస్టారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. (మండు వేసవిలోనూ మెడకు టై కట్టే మనిషి. ఆ టైకీ సంగీతానికీ ఏం సంబంధమో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.) బావ మొహం తాండూరు నాపరాయి రంగుకు తిరిగింది.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రాకు ఆర్గన్ లేకపోతే దాన్ని భజన బృందంతో సమానంగా చూసేవాళ్లు. మాస్టారు బావకు పెట్టిన షరతూ అదే. "హార్మోనియం కొట్టేటోళ్లు మస్తు మంది ఉన్నరు. నాకు పాత చర్చిల కాళ్లతోని తొక్కే ఆర్గన్ ఉంటది సూడు, గా గొంతు కావాలె. క్యాసెట్ తెచ్చి వినిపియ్యి, మంచిగుంటె తీస్కుంట." తీసుకుంటే బావ వేదికల మీద మెరిసే చొక్కాలో కూర్చుంటాడు. లేకపోతే తాండూరులో మా మామ నడిపే రాళ్ల పాలిషింగ్ షెడ్డులో, మడమల దాకా రాతి బురదలో నిలబడతాడు. ఈ సంగతి మామ ముందే తేల్చి చెప్పాడు. బావ సంగీత తపస్సు వెనుక ఆ బురద తప్ప ఇంకే ప్రేరణా లేదని నా నమ్మకం.

ఆర్గన్ కొనడం మా వంశంలో ఎవరి వల్లా కాదు. ఉన్నదల్లా భజన మండలి దగ్గర అడిగి తెచ్చిన హార్మోనియం, మామ టేప్ రికార్డరు. ఒకరోజు బావ తన వాయిద్యాన్ని తానే విని మురుస్తుండగా సెల్లులు నీరసించాయి. టేపు నెమ్మదించింది. ఆ సన్నగొంతు హార్మోనియం లావై, బరువై, నాపరాళ్లు పరిచిన ఆ గదంతా నిండింది. బావ లేచి నిలబడ్డాడు.

"ఇన్నవా? గిదే ఆర్గన్."

"అచ్చం ఆర్గనే బావా" అన్నాను. నేను అప్పుడే ఒక దినపత్రికకు తాండూరు వార్తలు పంపడం మొదలుపెట్టాను, కాబట్టి లోకంలో ప్రతిదాని మీదా తీర్పు చెప్పే అర్హత నాకుందని అనుకునేవాణ్ని. (అప్పటికి నేను ఆర్గన్ విన్నది ఒక్కసారి, చర్చి గోడ బయట, బస్సు కోసం నిలబడి.)

ఇక పద్ధతి తయారైంది. కరెంటు మీద రికార్డు చేసేటప్పుడు బావ కుక్కలు తరుముతున్నవాడిలా వేగంగా వాయించాలి. వినిపించేటప్పుడు నీరసపు సెల్లులు వేయాలి. ఆ నీరసం కూడా సరిగ్గా కుదరాలి. ఎక్కువైతే టేపు ఆగిపోయేది, తక్కువైతే హార్మోనియం బయటపడేది. ఊళ్లో అందరూ చచ్చిన సెల్లులను ఎండబెట్టి బతికించుకునే కాలంలో, మేము ఇంటింటికీ తిరిగి సగం చచ్చినవి అడిగాం. "అక్కా, మీ బ్యాటరీ లైటు మసక కొడ్తుందా?" అంటే, "కొడ్తె నీకేంది? సూసుకుంట నవ్వనీకొచ్చినవా?" అని ఒకావిడ తలుపు వేసుకుంది. ఎలాగో కుదిరిన సెల్లులను బావ గూట్లో దాచితే, అత్త వాటిని తీసి ఎండలో పరిచింది.

"అమ్మా, నా ఆర్గన్ ఖరాబ్ చేసినవ్."

"ఎండల పెడ్తె సెల్లులు ఖరాబ్ అయితయా? ఏం సదివినవ్‌రా నువ్వు?"

అత్త పోసిన ప్రాణం తీయడానికి మేమిద్దరం పట్టపగలు వాకిట్లో టార్చి వెలిగించుకుని కూర్చున్నాం. ఇంకో టేప్ రికార్డరు అడిగి తెచ్చి, ఆ నీరసపు పాటను దాంట్లోకి ఎక్కించుకుంటే పీడ వదిలేది. ఆ ముక్క మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మేధావులం కదా.

క్యాసెట్ మధ్యలో ఒకచోట కింది నుంచి గుర్రుమని ఒక గంభీరమైన నాదం వచ్చేది. "గదే పెడల్ శబ్దం. దానంతటదే వచ్చింది" అన్నాడు బావ. మాకు అన్నిటికంటే నచ్చింది అదే.

భాయ్ కొత్త సెల్లులు వేసి మీట నొక్కగానే హార్మోనియం కుక్కలు తరుముతున్నట్టే పరుగు తీసింది. "ఇప్పుడు సూడు, ఎంత సాఫ్ ఉంది" అని భాయ్ సంతోషించాడు. బావ చెత్తడబ్బాలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. "అరే, గవి ఎందుకు తమ్మీ, దమ్ము లేదు వాటిల."

"దమ్ము లేనివే కావాలె" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో.

అంతలో మా పెడల్ నాదం వచ్చింది. వంటింట్లోంచి అత్త గొంతు, స్పష్టంగా: "ఒరే, భజనోళ్ల పెట్టె ఇంకెంతసేపు కొడ్తవ్‌రా? ఆళ్లు అడుగుతున్నరు, ఇచ్చి రాపో. అన్నం సల్లగైతుంది." (అత్త రోజంతా ఏదో ఒకటి అంటూనే ఉండేది. మేము వినడం ఎప్పుడో మానేశాం. టేపు మానలేదు.)

మాస్టారు కళ్లు తెరిచాడు. టై సర్దుకున్నాడు.

"ఆర్గన్ మంచిగుంది తమ్మీ. పాడిందెవరు?"

"మా అమ్మ" అన్నాడు బావ, తల దించుకుని.

మాస్టారు క్యాసెట్ తీసి జేబులో వేసుకున్నాడు. "మళ్ల కబురు చేస్త" అని వెళ్లిపోయాడు. బావ టేప్ రికార్డరు చంకన పెట్టుకుని తాండూరు రైలెక్కాడు. మర్నాడు పొద్దున షెడ్డుకు పోయాడు, అక్కడే జుట్టు నెరిసింది.

ఇప్పుడు చేతిలో పట్టే పెట్టె మీద మీట నొక్కితే చర్చి ఆర్గన్ మోగుతుంది. మనవరాలు మోగించి చూపిస్తే బావ శ్రద్ధగా వింటాడు. "గిది గాదు బిడ్డా, మరీ తేటగుంది" అంటాడు. నేను నవ్వుతాను. కానీ మా ఇంట్లో టార్చి మసకబారితే నేను కూడా సెల్లులను వెంటనే పారేయలేను, కొన్నాళ్లు గూట్లో ఉంచుతాను. భాయ్ సెల్లులు మార్చకముందు మాస్టారు తల ఊపింది ఆర్గన్ నచ్చో, కునుకుపట్టో మా ఇద్దరికీ తెలియదు. క్యాసెట్ తిరిగి రాలేదు. కబురు కూడా ఇంకా రాలేదు.