బరువు దించమన్న గురువు

మా కళాశాల వ్యాయామాచార్యులు దొరస్వామి గారు పరమపదించారన్న టెలిగ్రాం మొన్న పలమనేరులో నేను పనిచేస్తున్న బడికి వచ్చింది. రెండుసార్లు చదివినా మనసు నమ్మలేదు. ఆ వజ్రకాయానికి మరణమేమిటి!

తిరుపతిలో మా కళాశాల వ్యాయామశాలకు అధిపతి ఆయనే, నేల ఊడ్చేదీ ఆయనే. ఇనుప కడ్డీలకు తుప్పు పట్టకుండా స్వహస్తాలతో నూనె రాసేవారు. ఎవరి మోకాలు వాచిందో, హాస్టల్లో ఎవరు అన్నం మానేశారో ఆయనకు తెలియనిది లేదు. ఏ బరువైనా ముందు తానెత్తి చూపేవారు. కంఠం మాత్రం కఠోరం. మేమందరం వణికేవాళ్ళం.

ఆ యేడు కళాశాలల మధ్య బరువులెత్తే పోటీలో కప్పు మాదేనని అందరి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం నేను. వారం ముందు నా నడుము కలుక్కుమంది. ఎవరికీ చెప్పలేదు. పోటీనాడు వంగలేక, కాలు బల్లమీద పెట్టి బూటు తాడు కట్టుకుంటుంటే ఆయన చూశారు.

"నొప్పి ఎన్నాళ్ళుగా ఉండాది?"

"ఏమీ లేదు సార్."

"అబద్ధం సెప్పద్దు. నువ్వు ఎత్తేది లేదు."

ప్రిన్సిపాల్ గారు పరుగున వచ్చి బతిమాలారు, ఆపైన గద్దించారు. దొరస్వామి గారు కదల్లేదు.

"కప్పు పోతే నేను సంజాయిషీ రాసిస్తాను సార్. వీని నడుము పోతే వాళ్ళ నాయనకు ఏం రాసేది?"

కప్పు పోయింది. కోపంతో నేను వ్యాయామశాల గడప తొక్కలేదు. మూడు వారాలకు ఆయనే నా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నారు.

"నీకు ముందు ఏర్పేడు నుంచి ఒకడు వచ్చినాడప్పా. నొప్పి అంటే, నటిస్తాండావని తిట్టి ఎత్తించినాను. ఇప్పుడు వాడు బిందెడు నీళ్ళు మోయలేడు. నెలకోసారి పోయి సూసొస్తా. ఒక్క మాట అనడు. తిట్టినా బాగుండు."

ఆ కంఠం వణకడం అదే మొదటిసారి విన్నాను. మరునాడే వ్యాయామశాలకు వెళ్ళాను. చేతికి వట్టి కర్ర ఇచ్చి, వంగడం మొదటినుంచి నేర్పారు. ఆర్నెల్లు పట్టింది. మరుసటి యేడు రెండో స్థానమే వచ్చింది. వేదిక దిగగానే ఆయన అడిగింది ఒక్కటే: "నడుము ఎట్లుండాది?"

ఆయన ప్రోద్బలంతోనే నేనూ వ్యాయామోపాధ్యాయుణ్ణయ్యాను. ఏ విద్యార్థిని ప్రోత్సహించాలో, ఎవరిని ఆపాలో తోచనప్పుడల్లా ఆయనకు కార్డు రాసేవాణ్ణి. వారంలోపే జవాబు వచ్చేది. ఆ పుణ్యమూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. రేపు కబడ్డీ జట్టును ఎంపిక చేయాలి. ఒక పిల్లవాడు కుంటుతూ, ఏమీ లేదంటున్నాడు. అడగడానికి మా సారు లేరు.