పెద్దాడి చీటీ

గాజువాక దగ్గర లారీల కాటా మీద నా ఉద్యోగం. లోడు లారీ కాటా ఎక్కితే ముందు డ్రైవరు మొహం చూస్తాను, తర్వాతే అంకె. ఆ అనుమానం ఇంటికీ వచ్చేసింది.

ఏడాది నిండని మా చిన్నదానికి జ్వరం వచ్చింది. పిల్లల డాక్టరమ్మ దాన్ని తూచింది. ఎనిమిది కిలోలు. గొంతూ ఛాతీ చూసి, జ్వరానికి చుక్కల మందొక్కటే రాసింది, మోతాదుకి ఒక ఎంఎల్. యాంటీబయాటిక్ అక్కర్లేదంది. ఇంజెక్షన్ అడిగితే నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఈమెకేం తెలుసులే అనుకున్నాను.

కంచరపాలెంలో ఉండగా మా పెద్దాడికి అక్కడి డాక్టరు రాసిన మందుల చీటీ నా పర్సులో ఉండేది. ఒకసారి పనిచేసిన చీటీని మావాళ్లెవరూ పారెయ్యరు. నేనైతే ప్లాస్టిక్ అతికించి మరీ దాచాను. అదే మందు పేరు, ఐదు ఎంఎల్. అది సిరప్పనీ, చుక్కల మందు దానికన్నా చాలా చిక్కననీ నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం ఐదు, సాయంత్రం ఐదు పోశాను, మా ఆవిడ చూడకుండా.

కాసేపటికి పిల్ల వాంతి చేసుకుంది. మా ఆవిడ సీసా పైకెత్తి చూసింది.

"పొద్దున్న కొన్న సీసా, ఇప్పుడే అడుక్కి ఎలిపోనాదేటి?"

ఒలికిపోయిందన్నాను. ఆవిడ నేలకేసి చూసింది, పొడిగా ఉంది. సీసా సంచిలో వేసుకుని, పిల్లనెత్తుకుని ఆటో ఎక్కింది. నేను వెనకే ఎక్కాను.

ఎంత పోశారని డాక్టరమ్మ అడిగితే ఒక ఎంఎల్ అన్నాను. మళ్లీ అడిగింది. పిల్ల తల్లి భుజం మీద వాడిపోయి ఉంది. అయినా మళ్లీ అదే చెప్పాను.

మా ఆవిడ సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఈయన లారీవోళ్లని నమ్మడు. నాను ఈయన్ని నమ్మను. ఇందులో ఎంత తగ్గిందో మీరే సూడండమ్మా."

అప్పుడు చీటీ తీసి ఇచ్చాను. డాక్టరమ్మ తిట్టలేదు. ఏ వేళకి ఎంత పోశానో రాసుకుని, వెంటనే ఆసుపత్రికి పంపింది. రక్తపరీక్షలు చేసి రెండు రోజులు ఉంచారు. ఆ మందు ఎక్కువైతే దెబ్బతినేది కాలేయమట, దానికేం కాలేదన్నారు.

తర్వాత చూపించడానికి వెళ్లినప్పుడు, డాక్టరమ్మ ఆ పాత చీటీ పైమూల మీద వేలు పెట్టింది. పెద్దాడి బరువు, ఇరవై కిలోలు. ఉద్యోగమంతా తూకాలు చదవడమే అయినవాణ్ణి, అది చదవలేదు.

ఇప్పటికీ మందు ఎంత వేశారని ఆమె మా ఆవిడనే అడుగుతుంది. నన్ను అడగదు. అడగమని నేనూ కోరను. పిల్లని అక్కడి కాటా మీద కూర్చోబెట్టి, అంకె కదలకుండా ఆగేదాకా చూస్తూ ఉంటాను.