హిల్మ అన్న ‘కావచ్చు’

కుయోపియో ఊరి సంతలో, లోపల చేపలు కూరి కాల్చే కలకుక్కో రొట్టెలు అమ్మే హిల్మ గురించి ఒక మాట ఉంది. పెళ్ళిరోజున పాస్టరుగారు “ఇతన్ని భర్తగా స్వీకరిస్తావా?” అని అడిగితే, ఆవిడ “స్వీకరించొచ్చు, స్వీకరించకపోనూవచ్చు” అందట. పెళ్ళికొడుకు ఏమిల్ ఆ జవాబు విని చర్చి మెట్లు దిగి, పడవెక్కి, తెడ్లేసి సరస్సు దాటి పోయాడట. నాకిది చెప్పింది మా పక్కన కాఫీ అమ్మే పిర్కో. ఆమె దక్షిణాది మనిషి, మా వైపు మాటతీరు ఆమెకి పట్టుబడలేదు. హిల్మ రోజూ సరస్సులోని ఒక దీవి నుంచి వస్తుంది. అక్కడ ఆమె ఇల్లు మా సంతలో ఎవరూ చూడలేదు.

బడి మానేశాక నేను హిల్మ కొట్లో పొట్లాలు కట్టేదాన్ని. ఆవిడ వేళ్ళు కీళ్ళ దగ్గర వాచిపోయాయి. రై ధాన్యం పిండి రొట్టెలో వేలెడంత చేపలు, పందికొవ్వు పేర్చి అంచు మూయడం ఇంకెవరికైనా పట్టుబడాలి. లేదంటే వేసవి అయ్యాక కొట్టు మూతే. అందుకని శనివారం శనివారం నేను ఇంట్లో ఒకటి కాల్చి తెచ్చేదాన్ని. మొదటిది అంచు విడి, లోపలి రసం కారింది. రెండోదీ కారింది.

“చేపలు మళ్ళీ సరస్సుకి బయల్దేరినట్టున్నాయి,” అంది హిల్మ.

ఆ రోజే ఊరికి కొత్త మనిషి ఒకాయన మా కొట్టుకి వచ్చాడు.

“ఇందులో ముళ్ళుంటాయా?”

“ఉండొచ్చు. మెత్తబడి మీకు తెలియకపోనూవచ్చు.”

“బాగుంటుందా?”

“బాగాలేదని చెప్పడానికి ఇంతవరకూ ఎవరూ వెనక్కి రాలేదు.”

ఆయన నవ్వాలో మానాలో తెలియక రెండు కొన్నాడు.

నా మూడోది కారలేదు. హిల్మ దాన్ని బోర్లించి, అడుగున వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది.

“ఇంతకంటే అన్యాయమైనవి తిన్నాను,” అంది. దాన్ని బల్ల మీద పెట్టి, “సోమవారం పొద్దున ఆరింటికి రేవులో పడవ ఉండొచ్చు. వచ్చేవాళ్ళు రావచ్చు,” అంది.

ఇది రమ్మనడమా, పొమ్మనడమా? పిర్కోని అడిగాను.

“పిచ్చిదానా, మర్యాదగా వద్దంది. కట్టుకునేవాడితోనే అవునని అననిది నీతో అంటుందా?”

అయినా వెళ్ళాను. పడవలో ఒక ముసలాయన తెడ్లు పట్టుకుని కూర్చున్నాడు.

“ఎక్కేవాళ్ళు ఎక్కొచ్చు,” అన్నాడు.

“మీరెవరండీ?”

“ఏమిల్‌నే అయ్యుండొచ్చు. నలభయ్యేళ్ళుగా మా ఇంటావిడ అలాగే పిలుస్తోంది.”

దీవిలో పొయ్యి అప్పటికే కాగి ఉంది. మేకుకి హిల్మ ఏప్రన్ పక్కనే నా కొలతకి కుట్టిన కొత్తది వేలాడుతోంది.

పెళ్ళిరోజున ఏమిల్ పడవెక్కి పోయిన మాట నిజమే. ఆ పడవలో హిల్మ కూడా ఉంది.