కుప్పంలో మధ్యాహ్నం పన్నెండింటికి కాదు

మన లెక్కల సారు పోయి తొమ్మిది రోజులయింది. కుప్పం హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కూడా అడిగినవాళ్ళందరికీ జాతకాలు వేసిచ్చిన మనిషి. పొద్దున ఇంటి ముందు పంచలో కుర్చీలో కూర్చుని కాఫీ తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, అలాగే ఒరిగిపోయారట. ఆ కబురు మదనపల్లెలో నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్‌లో వచ్చింది.

ఆయన పేరు మీద ఒక తప్పు మన ఊళ్ళలో తిరుగుతోంది. ఆ సంగతి ముందుగా చెప్పకుండా ఆయన మంచితనం గురించి రాస్తే నాకు సిగ్గు. తప్పు చేసింది నేను. దానికి తాళం వేసి అమ్ముకుంటున్నది మదనపల్లెలో కంప్యూటర్ జాతకాల సెంటరు నడిపే పెద్దమనిషి. సారు చేసిందల్లా ఆ తప్పును కనిపెట్టడమే.

మూడేళ్ళ కిందట మా అక్కకు కుప్పం ఆస్పత్రిలో కొడుకు పుట్టాడు. మాది పుంగనూరు. మా బావ మోజుపడి మదనపల్లె సెంటరులో పిల్లవాడి జాతకం వేయించుకొచ్చాడు. రంగుల అట్ట, నున్నటి కాగితం, పేజీ పేజీకీ దేవుడి బొమ్మ. మొదటి పేజీలో పుట్టిన ఊరు దగ్గర చెన్నై అని ఉంది.

"మనోడు మద్రాసులో యా పొద్దు పుట్టినాడ్రా?" అంది మా అమ్మ.

బావ తిరిగి వెళ్ళి అడిగితే, "లిస్టులో కుప్పం లేదు సార్. ఉండే ఊళ్ళల్లో ఒగటి పెట్టుకోవల్ల. అందరికీ అట్లే పెడతాండాం" అన్నారట. బావ సర్దుకున్నాడు. అమ్మ సర్దుకోలేదు. కుప్పంలో లెక్కల సారు దగ్గరికి తీసుకుపొమ్మంది.

నేను వెళ్ళింది గొడవకే. హేతువాదుల సభల దగ్గరా బస్టాండుల్లోనూ పంచే కరపత్రాలు చదివి చదివి, జాతకమన్న మాట వింటేనే ఒళ్ళు మండే రోజులవి. లెక్కలు చదువుకున్న మనిషి ఈ పని చేయడమేమిటని ముఖం మీదే అడగాలనుకున్నాను.

సారు ఆ పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా తిప్పారు. మళ్ళీ చివరినుంచి మొదటికి తిప్పారు. పోగొట్టుకున్న వస్తువేదో వెతుకుతున్నట్టు చూశారు.

"ఇదంతా ఫలితం. లెక్క యాడుండాది?" అన్నారు.

"లెక్క అందులో ఉండదు సార్, కంప్యూటర్లో ఉంటుంది" అన్నాను.

"నువ్వు కంప్యూటర్ చదివినోడివంట కదా. లోపలికి పోయి సూడొచ్చునా?"

"కుదరదు సార్. మూసేసి అమ్ముతారు."

"యాల?"

"వాళ్ళ సొత్తు కదా."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు: "గుణకారం ఎవురి సొత్తప్పా?"

నాకు కోపమొచ్చింది. "అసలు జాతకమే అబద్ధం సార్. దానికి లెక్క సరిగ్గా ఉంటేనేం, లేకుంటేనేం?" అన్నాను. అమ్మ నా తొడ గిల్లింది. సారు నవ్వారు.

"నమ్మేది, నమ్మంది నీ ఇష్టం నాయనా. నీ మేనల్లుడు కుప్పంలో పుట్టినాడు. ఈ కాయితం మద్రాసంటాంది. అదన్నా నిజం రాయల్ల కదా?"

నేను ఆ పుస్తకం తీసుకుని మొదటి పేజీ మళ్ళీ చూశాను.

ఆ రోజు ఆయన మా వాడి లెక్క వేసి, ప్రతి మెట్టూ కాగితం వెనక రాసి అమ్మకిచ్చారు. అది ఆయన అలవాటు. ఎవరికి వేసినా అంతే. "ఇంకొకరికి సూపించుకో అమ్మా. నేను తప్పుంటే వాళ్ళన్నా పట్టుకుంటారు" అనేవారు. రబ్బరు వాడేవారు కాదు. తప్పు పడితే దాని మీద ఒక గీత కొట్టి పక్కన సరైనది వేసేవారు. కొట్టేసిన అంకె కింద చక్కగా కనబడుతూనే ఉండేది. బళ్ళో పిల్లలకూ అదే చెప్పేవారట: చెరపొద్దు, కొట్టెయ్యి, యాడ తప్పినామో రేపు తెలియల్ల.

లేచేటప్పుడు నేను గడియారం చూసుకుని, "పన్నెండయిందమ్మా, బస్సుంది" అన్నాను.

"గడియారానికి అయింది. కుప్పానికి ఇంకా కాలేదు" అన్నారు సారు. "కూచో, సూపిస్తా."

ఆయన పంచకు రేకుల కప్పు. అందులో ఒక రేకుకు మేకుతో చేసిన చిల్లు. ఆ చిల్లులోంచి దిగిన వెలుగు నేల మీద పావలా కాసంత గుండ్రంగా పడుతోంది. నేల మీద ఉత్తరదక్షిణాలుగా సున్నంతో గీసిన సన్నటి గీత ఉంది. వెలుగు కాసు ఆ గీత వైపు జరుగుతోంది. మామూలుగా చూస్తే కదలనట్టే ఉంటుంది, ఊపిరి బిగబట్టి చూస్తే కదులుతుంది.

సారు భార్య, అందరూ పిలిచే సారోళ్ళమ్మ, వంటింట్లోంచి వచ్చి మా అమ్మతో అంది: "అందురూ కప్పుకు చిల్లు పడితే మూస్తారు. ఈ మనిషి కొత్త రేకు తెచ్చి చిల్లు పెట్టినాడు. వానొస్తే ఆడ చెంబు పెట్టేది నేను."

"నువ్వు చెంబు పెడతాండావు కాబట్టే గీత చెరిగిపోలేదు" అన్నారు సారు, కళ్ళు నేల మీదినుంచి తీయకుండా.

కాసు గీతను సరిగ్గా సగం చేసినప్పుడు నెమ్మదిగా, "వచ్చింది" అన్నారు. నా గడియారంలో పన్నెండు దాటి పావుగంట పైనే అయింది. సూర్యుడు కుప్పాన్ని దాటే క్షణం అదీ. మద్రాసుకు అంతకు ఏడెనిమిది నిమిషాల ముందే మధ్యాహ్నం అయిపోయి ఉంటుంది. పుట్టిన వేళకు లగ్నం కట్టే లెక్క కూడా ఇలాగే ఊరిని బట్టి మారుతుందన్నారు. జాతకం సంగతి నాకెందుకు! మా ఊళ్ళకంటూ ఒక మధ్యాహ్నం ఉందని, దాన్ని ఎవరైనా నేల మీద చూసుకోవచ్చని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. బస్సు పోయింది. పోనీ అనుకున్నాను.

తర్వాతి ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళాను. బెంగళూరులో ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ళ సభ దగ్గర తెచ్చుకున్న కరపత్రం పట్టుకెళ్ళి గట్టిగా చదివి వినిపించాను. ప్రోగ్రాం ఎలా రాశారో అందరికీ చూపించాలి, ఎవరైనా దిద్దుకోవచ్చు, పంచుకోవచ్చు, తీసుకున్నవాళ్ళు తాళం వేయకూడదు అని అందులో ఉంది. నేను ఊగిపోతూ చదువుతుంటే సారు కాగితం వెనక ప్రశ్నలు రాసుకున్నారు.

"ఊరికే ఇచ్చేటోడు అన్నానికేం జేస్తాడు?" మొదటి ప్రశ్న.

"వేరే పని చేసుకుంటాడు. లేదా నేర్పించినందుకు, బాగు చేసినందుకు తీసుకుంటాడు."

"అట్లయితే నా మాదిరే. నేనూ టెంకాయ, దక్షిణ తీసుకుంటా కదా. సరే. పదిమంది దిద్దితే పదిరకాలు కాదా?"

"ఏది సరైనదో చూసి పెట్టుకుంటారు సార్."

"సూసేదెవురు?"

నేను కరపత్రం అటూ ఇటూ తిప్పి వెతికాను. ఆయన ఆ ప్రశ్న కింద గీత గీసి, "ఇది నువ్వు నేర్చుకోనొచ్చి సెప్పు. నాగ్గూడా తెలుసుకోవాలని ఉండాది" అన్నారు.

మా బావ అభిప్రాయం వేరు. "ఊరికే వచ్చేదాన్ని ఎవురు నమ్ముతారు బామ్మర్దీ? దుడ్లు పెట్టినోడికి అడిగే హక్కుంటాది" అన్నాడు. అడిగితే కుప్పం వచ్చిందా లిస్టులోకి అని నేను కస్సుమన్నాను. "నువ్వు చేసుకో మరి" అన్నాడు. సరిగ్గా ఆ మాటే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

చేశాం. సారు మెట్లు చెప్పారు, నేను ఉచితంగా దొరికిన సీడీలోని సిస్టం మీద ప్రోగ్రాం రాశాను. ఫలితాలు నేను రాయనన్నాను. "ఫలితం నేను సెప్పుకుంటాలే, లెక్క నువ్వు సెప్పు" అని ఒప్పుకున్నారు. ఊళ్ళ జాబితా మాత్రం ఆయన ముచ్చట. కుప్పం, పుంగనూరు, మదనపల్లె అయ్యాక గుడుపల్లె, వి.కోట, పెద్దపంజాణి కూడా పెట్టించారు. పెద్దపంజాణి పేరు తెరమీద కనబడగానే కుర్చీ ముందుకు జరుపుకుని, "ఆ ఊరోళ్ళకు సూపించినావా?" అని అడిగారు.

ఆయనెప్పుడూ కీబోర్డు ముట్టలేదు. "నీ ప్రోగ్రాం కాయితం మీద ఇయ్యి, సదువుకుంటా" అన్నారు. ఆ ఇంగ్లీషు గుర్తులన్నీ మీకేం అర్థమవుతాయి సార్ అన్నాను. "కూడిక తీసివేత ఏ బాసలోనైనా ఒగటే" అన్నారు. ప్రింటు తీసిచ్చాను, ఆ నెలలో కుప్పం మధ్యాహ్నం ఎప్పుడో ప్రోగ్రాం చెప్పిన వేళలతో సహా. ఎర్ర పెన్సిలు పట్టుకుని రోజుకో పేజీ చదవడం మొదలుపెట్టారు.

ఆయన చదివేదాకా నేను ఆగాలి. ఆగలేదు. ఉద్రేకం. పుంగనూరులో, మదనపల్లెలో తెలిసినవాళ్ళకల్లా ఫ్లాపీలు పంచాను. తెర అడుగున "గణితం: కుప్పం లెక్కల సారు" అని గర్వంగా వేశాను. తాళం వేయకూడదన్న షరతును ఊరంతా చదివి వినిపించినవాణ్ణి, నా ఫ్లాపీలో ఆ మాట రాయడమే మరిచాను.

పద్దెనిమిది రోజుల తర్వాత కుప్పం వెళ్తే సారు పంచలో నేల మీద కూర్చుని ఉన్నారు. పక్కన గడియారం, ప్రింటు కాగితాలు.

"మన లెక్క వెనకబడతాంది. నాలుగు దినాలు సూసినా. వెలుగు గీత దాటినాక మన ప్రోగ్రాం మధ్యాహ్నం అంటాంది. జొన్నగింజంత తేడా" అన్నారు. ఒక పేజీ తీసి చూపించారు. ఎర్ర పెన్సిలు గీత కింద నా అంకె కనబడుతోంది.

కుప్పం రేఖాంశం డెబ్భై ఎనిమిది డిగ్రీల ఇరవై ఒక్క నిమిషాలు. నేను 78.21 అని కొట్టాను. గంటకు మాదిరే డిగ్రీకి కూడా అరవై నిమిషాలు. ఇరవై ఒకటిని అరవైతో భాగించాలి, 78.35 రావాలి. అన్ని ఊళ్ళకూ ఇదే తప్పు చేశాను. కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి!

"నూటికి జేసినావు నాయనా. అరవైకి జెయ్యల్ల."

సిగ్గుతో నాకు మళ్ళీ కోపమే వచ్చింది. "అర నిమిషమే కదా సార్. ఎవరికి తెలుస్తుంది?"

"అర నిమిషంలో పుట్టే బిడ్డలు లేరా?" అన్నారు. తర్వాత కళ్ళు మెరుస్తుండగా, "అదట్లుండనీ. సూసేదెవురు అని ఆ పొద్దు అడిగితినే, తెలిసిందా? కాయితం ఇచ్చినావు, నేను సూసినా. మూసింటే యాడ సూసేది?" అన్నారు.

ఇచ్చిన ఫ్లాపీలన్నీ వెతికి దిద్దాను. ఒకటి దొరకలేదు. అది మదనపల్లె సెంటరుకు చేరింది. కొన్ని నెలలకు రంగుల అట్టతో, సెంటరు పేరుతో, పాస్‌వర్డు తాళంతో సీడీగా బయటికొచ్చింది. లోపల తెర అడుగున సారు పేరు అలాగే ఉంది. కుప్పం మధ్యాహ్నం అడిగితే అర నిమిషం ఆలస్యంగా చెబుతుంది. నా తప్పు, సారు పేరు, సెంటరాయన తాళం.

వెళ్ళి అడిగాను.

"ఊరికే పంచినావు కదప్పా. ఊరికే పంచినదానికి ఓనరెవురు?" అన్నాడాయన.

"సరే, అమ్ముకో. తప్పుంది, ఒక్క అంకె దిద్దనీ."

"ఇంతమంది కొన్నారు, ఒక్కరూ అనలేదే! ఇప్పుడు దిద్దితే ఇన్ని దినాలు తప్పుది అమ్మినామని నేనే ఒప్పుకున్నట్లు కాదా?"

బల్ల గుద్దాను. బయటికి నెట్టారు.

సారుకు చెబితే మొదట అడిగింది, "తిట్టినావా?" అని. అవునన్నాను. "తిడితే దిద్దుతాడా?" అన్నారు. "దుడ్లు తీసుకునేది తప్పు కాదప్పా. ఆయప్పకూ సంసారముండాది. ఎనకొచ్చేటోడు దిద్దకుండా దారి మూసినాడు సూడు, అదీ తప్పు. మనది తెరిచే ఉండాది కదా, దిద్దింది పంచు. నమ్మనోళ్ళను పంచలోకి పిల్చుకోనిరా" అన్నారు.

నేను పిలవలేదు. వకీలును కలవాలి, పత్రికలకెక్కించాలి అని తిరిగాను. పోయిన నెల చివరిసారి చూసినప్పుడు కూడా ఆయన అడిగారు: "అరవై జేసినాడా ఆయప్ప?"

"లేదు సార్."

"సేస్తాడులే. కంటితో సూస్తే సేస్తాడు."

అందుకే ఈ కాగితం. ఈ ఆదివారం పదకొండున్నరకల్లా కుప్పంలో సారు ఇంటి పంచకు రండి. గడియారాన్ని రేడియో వార్తల ముందు వచ్చే టైముకు సరిచేసుకుని తెచ్చుకోండి. సెంటరు సీడీ ఆ రోజు కుప్పానికి మధ్యాహ్నం పన్నెండు గంటల పదిహేడు నిమిషాల పది సెకండ్లకు అంటోంది. సారు దిద్దిన లెక్క పదహారు నిమిషాల ముప్పై ఆరు సెకండ్లకు అంటోంది. ఏది నిజమో నేను చెప్పను, చాప వేసి ఉంటుంది, కూర్చుని మీరే చూడండి. దిద్దిన ఫ్లాపీ, ప్రోగ్రాం మొత్తం రాసిన కాగితాలు ఎవరికి కావాలన్నా ఇస్తాను. ఈసారి షరతు కూడా రాశాను. మాదే తప్పని తేలితే ఎర్ర పెన్సిలు అక్కడే డబ్బాలో ఉంది.

సెంటరాయనకు ఈ కాగితం నేనే తీసుకెళ్ళి ఇస్తాను. బల్ల గుద్దను. వస్తే ముందు వరసలో కూర్చోవచ్చు.

నిన్న వెళ్ళి చూశాను. కుర్చీ గోడకు జరిపి ఉంది. సారోళ్ళమ్మ గీత మీద కొత్తగా సున్నం వేసింది. ఇద్దరం చెరో పక్కన కూర్చున్నాం. వెలుగు కాసు జరిగి జరిగి గీతను సగం చేసింది. "వచ్చింది" అని ఎప్పుడూ సారు అనే మాట అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. కాసు గీత దాటి అవతలికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆ మాట ఎవరో ఒకరు అనాలి. పదకొండున్నరకల్లా రండి.