అవ్వ గట్టున తంగేడు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పొలం గట్లకు కాళ్ళుండేవి. పెద్దకడుబూరు దారిలో మా అవ్వకు రెండెకరాల ఎర్రనేల ఉండేది, వేరుశనగ వేసేది. తాతయ్య పోయిన ఏడాది నుంచి పక్క పొలం పెద్దాయన దున్నినప్పుడల్లా ఒక సాలు మా గట్టులోకి తోలేవాడు. మూడేళ్ళలో గట్టు నాలుగు మూరలు ఇవతలికి వచ్చేసింది. అవ్వ వెళ్ళి అడిగితే, గట్టు ఉన్నచోటే ఉంది, నీ కళ్ళే ఆనడం లేదు అన్నాడట. ఊరి పెద్దలు కూడా, ఒంటరి ఆడదానివి, మూరెడు నేల కోసం కొట్లాటెందుకని సర్దిచెప్పారు. ఆ మూరెడు వాళ్ళదయితే తెలిసేది! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అవ్వ మళ్ళీ ఎవరినీ అడగలేదు. ఎండాకాలంలో నన్ను వెంటబెట్టుకొని గుట్టకు పోయి, ఎండిన తంగేడు కాయలు ఒడినిండా కోసుకొచ్చింది. తంగేడు తెలుసు కదా, వానలేని ఏడాది కూడా పసుపుపచ్చగా విరగబూసే అడవి మొక్క. మేకలు సైతం మూతి పెట్టవు. గింజ మాత్రం మహా మొండిది, ఊరికే మొలవదు. అవ్వ కాయలు ఒలిచి, గింజలను వేడినీళ్ళలో వేసి, తెల్లారేదాకా నాననిచ్చి, ఉబ్బినవాటినే ఏరింది. తొలకరి పడిన మరునాడు గట్టు పొడవునా మూరకొకటి చొప్పున, వేలి కణుపు లోతులో పెట్టాం. ఎరువు లేదు, పాదు లేదు.

మొలకలు వచ్చాక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. వానలు ఆగిపోయాక, బడికి పోతూ పోతూ, చివరి పది మొక్కలకు రోజూ చెంబుతో నీళ్ళు పోసేదాన్ని, అవ్వకు తెలియకుండా. అవి ఏపుగా లేచాయి. నాకు గర్వం నెత్తికెక్కింది. ఇంతలో జ్వరం వచ్చి మంచాన పడ్డాను. పది రోజుల తర్వాత వెళ్ళి చూస్తే, నేను నీళ్ళు పోసినవే ఎండిపోయాయి. తక్కినవి పొట్టిగా, గట్టిగా నిలబడి ఉన్నాయి. నేను బావురుమంటే అవ్వ తిట్టలేదు.

“నీళ్ళు పోస్తే వేరు పైపైనే తిరుగుతాది పాపా. దప్పికయితేనే లోపలికి పోతాది,” అంది. “మనకు కావాల్సింది కొమ్మ కాదు, వేరు.”

గుట్ట మీది పెద్ద మొక్కలే పీకి తెచ్చి ఖాళీల్లో పెడదామన్నాను. ఒప్పుకోలేదు. తల్లివేరు తెగితే తంగేడు బతకదట. మళ్ళీ గింజలే పెట్టాం. ఆపైన రెండేళ్ళు, దుక్కులు మొదలైతే చాలు, అవ్వ సద్దిమూట కట్టుకుపోయి ఆ లేత మొక్కలకు కాపలాగా గట్టు మీదే కూర్చునేది. ముసిల్ది పూలతోట పెట్టిందని ఊరంతా నవ్వింది.

మూడో ఏడు పెద్దాయన నాగలి మా గట్టులోకి తిప్పాడు. మొన పోయి వేళ్ళలో చిక్కుకుంది. ఎద్దులను అదిలించాడు, ముల్లుకర్రతో పొడిచాడు, అవి అడుగు వేస్తే ఒట్టు. చెమటలు కక్కుతూ, ఈ కంప ఎవరు పెట్టమన్నారు, పీకెయ్ అని కేకలేశాడు. అవ్వ కూర్చున్న చోటి నుంచి లేవను కూడా లేదు.

“నాటింది నేను. పీకేది నువ్వు పీకప్పా, సేతనయితే,” అంది.

చుట్టుపక్కల పొలాలవాళ్ళు చూస్తుండగా ఆయన ఎద్దులను తోలుకొని పోయాడు. పోయిన నాలుగు మూరలు తిరిగి రాలేదు, అబద్ధమెందుకు. కానీ ఆ తర్వాత గట్టు ఒక్క సాలు కూడా కదల్లేదు.

నాకిప్పుడు ఆనాటి అవ్వ వయసు. పోయినేడు మా ఆయన పోయాక, ఎమ్మిగనూరు ఇంట్లో ముందుగది ఖాళీ చేసి వెనక వసారాలోకి జరగమని మా మరిది వచ్చి చెప్పాడు, ఏదో నా మేలు కోరినట్టే. ఒంటరిదానివి, ఇంత గది ఏం చేసుకుంటావన్నాడు. నేను అరవలేదు, ఏడవలేదు. మంచం మీద కూర్చునే, “నేను జరగనప్పా,” అన్నాను. ఇది ఆ ముందుగదిలో కూర్చునే రాస్తున్నాను.