బండెక్కేముందు అడగవలసిన మాట

మా ఆవిడ పోయి ఏడాది నిండిన రోజున ఇంటి ముందు షామియానా వేయించి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఆమె ముప్ఫై ఏళ్ళు మా ఊరి చర్చిలో ఆదివారం బడి నడిపింది. ఆమెను పొగుడుతూ రాయడం నాకు చేతకాదు, ఆమెకు నచ్చదు కూడా. ఆమెకు రెండు అలవాట్లు ఉండేవి. ఆ రోజు పనికొచ్చినవి అవే కాబట్టి ముందు వాటి సంగతి చెబుతాను.

మొదటిది ఫోటో. నలుగురు పోగయ్యే చోటికి వెళ్ళేముందు, అది పెళ్ళయినా, అప్పనపల్లి గోదారి ఒడ్డున వనభోజనమైనా, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఆ రోజు వేసుకున్న బట్టల్లో, కాళ్ళ చెప్పులు కూడా కనబడేలా ఫోటో తీసేది.

“పిల్ల కనపడకపోతే తల్లికి గౌను రంగు కూడా గుర్తురాదండీ,” అనేది.

“తల్లికి గుర్తుండదా?” అని నేను నవ్వేవాణ్ణి.

రెండోది ఇంటి మాట. ప్రతి పిల్లా తల్లితో కలిసి రహస్యంగా ఒక మాట అనుకోవాలి. ఎవరైనా బండెక్కమంటే, చుట్టమైనా సరే, ముందు ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే ఎక్కకూడదు. అక్కడే నేలమీద కూర్చుని, దొరికినదాన్ని పట్టుకుని అరవాలి. నెలకో ఆదివారం దీన్ని ఆటలా ఆడించేది. దొంగ వేషం నాది. నేను స్కూటరు మీద వచ్చి, చాక్లెట్ చూపించి, “అమ్మ రమ్మంది, ఎక్కు” అనాలి. పిల్లలు చతికిలబడి కేకలు పెట్టేవారు.

“ఏం చేసేరండీ మాస్టారూ పిల్లల్ని?” అని రోడ్డున పోయేవాళ్ళు సైకిళ్ళాపి అడిగేవారు. నేను అమలాపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. పాఠం చెప్పకపోయినా అందరికీ మాస్టారినే.

ఆమె ఇంత పట్టుబట్టడానికి కారణం మా మర్యాదే. మా వైపు పిల్లలకు మాటలతోపాటే పిలుపులు నేర్పుతాం. ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా “మావయ్యగారండీ” అంటారు. విన్నవాళ్ళు నిజంగా మేనమామే అనుకుంటారు. పెద్దవాళ్ళం మేమేం తక్కువ కాదు. భోజనానికి వచ్చినవాణ్ణి “మీరెవరండీ” అని అడగడం మాకు పెద్ద తప్పు.

ఆమె పోయాక ఆ ఆట ఆగిపోయింది. పిల్లల ముందు స్కూటరు స్టార్టు చేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఫోటో మాత్రం ఆ ఉదయం తీశాను. ఆమె కూడికలో ఆమె అలవాటు మానేస్తే బాగుండదనిపించింది, అంతే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చివరి వరసలో తెల్లచొక్కా ఆయన ఒకరు కూర్చున్నారు. నలభై ఏళ్ళుంటాయి. నేనే వెళ్ళి, “పెరుగు వేయించుకోండి, మొహమాటపడకండి” అన్నాను. “ఆయ్, చాలండీ” అన్నాడాయన, చాలా వినయంగా. ఉప్పలగుప్తం నుంచి వచ్చిన మా ఆవిడ తరపు బంధువేమో అనుకున్నాను. నా లైబ్రరీ స్నేహితుడనుకున్నానని మా బావమరిది తరువాత చెప్పాడు. ఇద్దరం ఇద్దరమే, ఒక్కమాట అడగలేదు.

చేతులు కడుక్కున్నాక మైకులో మళ్ళీ సాక్ష్యాలు, అంటే ఆమె గురించి ఒక్కొక్కరూ చెప్పే మాటలు, మొదలయ్యాయి. పక్కింటి కోడలు అన్నం కలిపిన పళ్ళెంతో నా దగ్గరికి వచ్చింది.

“బాబాయిగారూ, మా పిల్ల మీ దగ్గరకొచ్చిందాండీ?”

ఆమె కూతురికి ఆరేళ్ళు. నా దగ్గరకు రాలేదు. వంటావిడ గిన్నెలు తోముతూనే, “ఇప్పుడే వాళ్ళ మావయ్యగారితో గేటు దాటిందమ్మా. మావయ్యగారూ మావయ్యగారూ అని కబుర్లు చెప్తా, చెయ్యి పట్టుకుని ఎల్లేరు,” అంది.

“ఏ మావయ్య? మా అన్నయ్య మస్కట్లో ఉన్నాడండీ!”

పళ్ళెం కిందపడింది. చివరి వరస వైపు చూశాను. తెల్లచొక్కా లేదు.

చర్చి పెద్ద ఒకాయన నా మోచెయ్యి పట్టుకున్నారు. “తొందరపడకండి మాస్టారూ. ముందు మనలో మనం ఎతుక్కుందాం. ఆడపిల్ల సంగతి. మైకులో చెప్పేస్తే రేపు ఊరంతా ఏమంటదండీ?”

ఆయన చెడ్డవాడు కాదు. మేమందరం అలాగే ఆలోచిస్తాం. మా ఆవిడ దగ్గర దీనికీ ఒక జవాబు ఉండేది. “ముందు చెప్పాలి, తరవాత ఎతకాలి.” నేను వెళ్ళి, ఆమె గురించి ఎవరో చెబుతున్న మంచిమాటలు మధ్యలో ఆపి, మైకు తీసుకున్నాను. నా జన్మలో నలుగురిలో గొంతు పెంచింది అదే మొదలు.

“పక్కింటి పాప కనపడటం లేదు. తెల్లచొక్కా వేసుకున్నాయన ఎవరి తాలూకో తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి.”

ఒక్క చెయ్యి లేవలేదు.

మా బావమరిది పోలీసులకు ఫోన్ చేశాడు. ఏ బట్టలని వాళ్ళడిగితే తల్లి “ఎర్రగౌనండీ” అంది. నేను ఫోను తీసి చూశాను. పసుపు గౌను, ఎర్ర చెప్పులు, ఎడమ మోకాలికి ప్లాస్టరు. ఆ ఫోటో పోలీసులకు, మా ఊరి నుంచి పి.గన్నవరం దాకా తిరిగే ఆటోవాళ్ళ గ్రూపుకు పంపాం. పిల్ల గేటు దాటి పది నిమిషాలు కూడా అయుండదు.

నేను స్కూటరు తీశాను. రోడ్డుకు రెండు వైపులా ఎన్నో దారులు. కొబ్బరితోటల్లోకి పోయేవి, కాలవగట్టు మీదికెక్కేవి. ఏ దారి పట్టాలో తెలియక మలుపు దగ్గర ఆగాను. ఏడాదిగా మానేసిన ఆట గుర్తుకొచ్చింది. నెలకొకటి చొప్పున పన్నెండు ఆదివారాలు. ఆ పిల్ల మరిచిపోయి ఉంటే ఆ తప్పు నాది. అప్పుడే ఫోన్ మోగింది.

“మాస్టారూ, లాకుల దగ్గరకి రండి. పిల్ల ఇక్కడే ఉందండీ. బాగానే ఉందండీ,” అన్నాడు ఆటో అతను.

కాలవ నీళ్ళు ఆపే లాకుల దగ్గర కొబ్బరిబొండాలమ్మే ఆవిడ బల్ల ఉంది. పాప నేలమీద కూర్చుని ఆ బల్ల కాలు రెండు చేతులా వాటేసుకుని ఉంది. చుట్టూ జనం. బొండాలావిడ కత్తి ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

“అతగాడు ఐస్ కొనిపెడతానని ఇక్కడిదాకా నడిపించుకొచ్చేడండీ,” అంది ఆవిడ. “మోటార్‌సైకిల్ ఎక్కమంటే ఈ పిల్ల ‘ముందు ఇంటి మాట చెప్పండి మావయ్యగారూ’ అంటది. ఆడేమో ‘అమ్మ’ అంటాడు, ‘యేసయ్య’ అంటాడు, ‘చాక్లెట్’ అంటాడు. మేనమామా మేనకోడలూ ఏదో ఆటాడతన్నారని నేనూ నవ్వేనండీ, నా మొహం మండ! ఒక్కసారి చతికిలబడి అరిసిందండీ బాబూ, నా చెవులు దిమ్మెక్కిపోయేయి. అప్పుడే ఈ ఆటో అబ్బాయి ఫోటో చూసి, ‘ఈ పిల్లేనే!’ అన్నాడు. అంతే, ఆడు బండెక్కి పరుగో పరుగు. నెంబరు మటుకు ఈ అబ్బాయి రాసుకున్నాడు.”

ఆ నెంబరుతో సాయంత్రానికి పోలీసులు అతన్ని పట్టుకున్నారు. అతని సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను రాయదలచింది పిల్ల సంగతి.

స్కూటరు స్టాండు వేశాను. దగ్గరికి వెళ్ళి వంగి, “లే అమ్మా, ఇంటికెళ్దాం, స్కూటరెక్కు” అన్నాను.

ఆ పిల్ల నన్ను పుట్టినప్పటి నుంచీ ఎరుగును. కళ్ళు తుడుచుకుని, బల్ల కాలు వదలకుండా అడిగింది.

“ఇంటి మాట చెప్పండి తాతయ్యగారూ.”

నాకు తెలియదు. నాకెలా తెలుస్తుంది?

“మాస్టారు కూడా ఫెయిలేనండోయ్!” అన్నాడు ఆటో అతను. జనం గొల్లుమన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మా ఆవిడ నేర్పింది ఆ పిల్ల మరిచిపోలేదు. దొంగకు లొంగలేదు, నాకూ లొంగలేదు.

“చాలా మంచి పని చేశావు, నాతో రాకు,” అని నేనూ పాప పక్కనే దుమ్ములో కూర్చున్నాను. బొండాలావిడ ఇద్దరికీ చెరొక బొండాం కొట్టి ఇచ్చింది. కాసేపటికి తల్లి ఆటోలో వచ్చి, మోకాళ్ళమీద పడి, కూతురి చెవిలో ఏదో చెప్పింది. అప్పుడు వదిలింది బల్ల కాలు.

మేం తిరిగి వచ్చేసరికి షామియానా కింద నుంచి ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు. చప్పట్లు కొట్టారు. జ్ఞాపకార్థ కూడికలో చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. చర్చి పెద్ద మైకు నా చేతికిచ్చి, “ఆపేసేరు కదండీ, మీరే పూర్తి చెయ్యండి” అన్నారు. నేను రెండు అలవాట్ల గురించి చెప్పి కూర్చున్నాను.

ఇప్పుడు మా ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా గేటు దగ్గర ఒకరు కూర్చుని, “ఎవరి తాలూకండీ?” అని నవ్వుతూ అడుగుతారు. మొదట్లో కొందరు మొహం చిట్లించారు. ఇప్పుడు అడక్కముందే చెబుతున్నారు.

ఆ కూడిక అయిన మరుసటి ఆదివారం స్కూటరు బయటికి తీశాను. చర్చి పెద్ద ఎదురొచ్చారు.

“ఈసారి దొంగ వేషం నాకివ్వండి మాస్టారూ. మీ మొహం చూస్తే పిల్లలకి బయమెయ్యదండీ.”

“వచ్చినవాడి మొహం కూడా అలాగే ఉందండీ,” అన్నాను.

ఆయన “ఆయ్, నిజమేనండీ” అని పక్కకు తప్పుకున్నారు. నేను కిక్ కొట్టాను. మూడోసారికి స్టార్టయింది. పిల్లలు అప్పటికే నేలమీద కూర్చుంటున్నారు.